అదరని చెక్క

మా నాయిన పెండ్లి బ్యాండులో పెద్ద బూర ఊదేవాడు. బాన్సువాడలో బ్యాండు అనగానే ఎవరికైనా ముందు నడిచే క్లారినెట్ మాస్టరు గుర్తొస్తాడు, లేదా మెడకు డ్రమ్ము వేసుకుని ఎగిరేవాడు గుర్తొస్తాడు. పెద్ద బూర ఊదేవాడు ఎవరికీ గుర్తుండడు. అది ఇత్తడిది, మనిషి ఒంటిని చుట్టుకుని తల పైన నోరు తెరుచుకుని ఉంటుంది. పాట పాడడం దాని పని కాదు. పాట కింద బొం బొం అంటూ నడవడమే దాని పని. అది ఆగితే పైన పాట ఎంత బాగున్నా తేలిపోతుందని, బరాత్ ఊరేగింపులో గుర్రం కూడా అడుగు తప్పుతుందని నాయిన అనేవాడు. గుర్రం సంగతి నాకు తెలియదు గానీ ఆయన మాత్రం నమ్మేవాడు.

మా దగ్గర బ్యాండును మనుషుల లెక్కన మాట్లాడుకుంటారు. ఎన్ని ఎర్రకోట్లు కనబడితే పెండ్లి అంత గొప్ప. ఒక్కరోజే నస్రుల్లాబాద్‌లో ఒక పెండ్లి, పిట్లంలో ఒకటి, మద్నూర్ దిక్కు ఇంకొకటి పడితే అంతమంది ఊదేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? అందుకని బ్యాండు ఓనరు కూలికి పోయే తన చుట్టాలను పిలిచి కోటు తొడిగించి, చేతికి బూర ఇచ్చి వరుసలో నిలబెట్టేవాడు. వాళ్లు బుగ్గలు ఉబ్బిస్తారు, గాలి వదలరు. వాళ్లను డమ్మీలు అనేవారు. పెండ్లివాళ్లకూ తెలుసు, ఓనరుకూ తెలుసు, ఎవరికీ పట్టింపు లేదు. మా నాయినకు ఒక్కడికే పట్టింపు ఉండేది. డమ్మీ పక్కన నిలబడనని వరుసలో చోటు మార్చుకునేవాడు.

నా పదో తరగతి పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో, పిట్లం పెండ్లికి మనిషి తక్కువ పడ్డాడు. ఓనరు నన్ను అడిగాడు. పెండ్లి భోజనం మీద ఆశతో నేను కోటు తొడుక్కుని జీపు దగ్గర నిలబడ్డాను. నాయిన వచ్చి, అందరి ముందు నా కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు.

"ఊదొస్తే తొడుక్కో. రాకుంటే ఇంట్ల పండుకో. ఉత్తగ బుగ్గలు ఉబ్బిచ్చుడు మన ఇంట్ల లేదు" అన్నాడు.

ఆ రోజు నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఓనరుకు లేని పట్టింపు ఈయనకెందుకు అనుకున్నాను. అందరూ నవ్వుతుంటే ఇంటికి నడిచి వెళ్లి, అమ్మ పెట్టిన జొన్నరొట్టె తినకుండా పడుకున్నాను.

ఇంటర్ తప్పాక నేను మెదక్ మీదుగా పోయే బస్సెక్కి సికింద్రాబాద్ చేరాను. మైకుసెట్లు, వాయిద్యాలు కిరాయికి ఇచ్చే ఒక షాపులో పని దొరికింది. డబ్బాలు మోయడం, వైర్లు చుట్టడం, ఫంక్షన్ అయ్యేదాకా స్పీకర్ల వెనక కూర్చోవడం. అక్కడికి ఒక ముసలాయన వచ్చేవాడు. హోటళ్లలో జాజ్ వాయించే పియానో సారు. ఆయనకంటూ సొంత బ్యాండు లేదు. హోటల్ నుంచి ఫోనొస్తే, ఆ శనివారం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లను పోగేసుకుని పోతాడు. ఒకసారి ఒక డ్రమ్మరు, ఇంకోసారి ఇంకొకరు. ఎవరు దొరికితే వాళ్లే బ్యాండు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు, ఎవరినీ తిట్టేవాడు కాదు.

ఆయనకు వాయించే డబుల్ బేస్ మనిషి దుబాయ్ హోటల్‌కు వెళ్లిపోయాడు. డబుల్ బేస్ అంటే మనిషి కన్నా ఎత్తుండే ఫిడేలు అనుకోండి. నేల మీద నిలబెట్టి, పక్కన నిలబడి, లావు తీగలను వేళ్లతో మీటాలి. అది లేకపోతే చూడ్డానికి జాజ్ బ్యాండులా ఉండదని హోటల్ మేనేజరు పేచీ పెట్టాడు. వాయిద్యం సారు ఇంట్లోనే ఉంది. మనిషే లేడు.

సారు షాపులో నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్ పొడుగున్నవ్. సూట్ వేస్కో, దాని పక్కన నిలబడు, చాలు. బేస్ సంగతి నా లెఫ్ట్ హ్యాండ్ చూస్కుంటది" అన్నాడు.

కీబోర్డు మీద ఆయన ఎడమ చెయ్యి బేస్ వాయిస్తుంది, స్పీకర్లోంచి అచ్చం తీగ మీటినట్టే వస్తుంది. నేను పెద్ద ఫిడేలు పట్టుకుని వేళ్లు ఆడించాలి. నా వేలు పొరపాటున తగిలి తప్పుడు స్వరం పలకకుండా తీగలు వదులు చేసి, తీగలను ఎత్తిపట్టే చెక్క కింద ఒక స్పాంజి ముక్క దూర్చాడు. నాకు నవ్వొచ్చింది. ఎర్రకోటు బదులు నల్లకోటు, అంతే కదా అనుకున్నాను. ఇక్కడ గుండీలు విప్పడానికి నాయిన లేడు.

మొదటి శనివారం వేళ్లు ఎటు ఆడించాలో తెలియలేదు. రెండో శనివారం నుంచి అలవాటైపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎక్కువ సిగ్గనిపించేది ఆ అలవాటు సంగతే. నేను ఆ పనిలో బాగా రాటుదేలాను. అద్దం ముందు నిలబడి సాధన చేశాను. సన్నటి స్వరానికి చెయ్యి కిందికి, లావు స్వరానికి పైకి. మధ్య మధ్యలో కళ్లు మూసుకోవాలి, పెదవి కొరకాలి, డ్రమ్మరు వైపు చూసి చిన్నగా నవ్వాలి. నిజంగా వాయించేవాళ్లు కూడా అంత బాగా నటించరు.

సారు మంచివాడు. "వారంలో ఒకరోజు ఇంటికి రా, నేర్పిస్తా" అన్నాడు. నాలుగైదు సార్లు వెళ్లాను. స్పాంజి తీసి, తీగలు బిగించి మీటితే వేళ్ల చివర బొబ్బలెక్కాయి. బొబ్బలు మానేలోపు శనివారం వచ్చేది, శనివారం స్పాంజితో హాయిగా గడిచిపోయేది. మెల్లగా వెళ్లడం మానేశాను. విద్య రాకపోవడం తప్పు కాదు. వాయించడం రాకపోయినా పని జరిగిపోతోంది కదా అని నేర్చుకోవడమే మానేసిన నా బద్ధకాన్ని ఏమనాలి?

ఒకసారి భోజనాల విరామంలో ఒక తెల్లజాతి ఆయన వచ్చి, తానూ బేస్ వాయిస్తానని, ఏ తీగలు వాడుతున్నావని ఎంతో ప్రేమగా అడిగాడు. కడుపు పట్టుకుని బాత్రూంలోకి పరిగెత్తాను. ఆయన వెళ్లిపోయాడని డ్రమ్మరు వచ్చి చెప్పేదాకా లోపలే కూర్చున్నాను. ఇంకోసారి సారుకు కొంటెతనం పుట్టి, "ఇప్పుడు బేస్ సోలో" అని మైకులో నా వైపు చెయ్యి చూపించాడు. మిగతావాళ్లంతా ఆపేశారు. ఆయన ఎడమ చెయ్యి ఒక్కటే వాయిస్తుంటే నేను ఒంటరిగా చెమటలు కక్కుతూ నటించాను. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను వంగి దండం పెట్టాను. ఎందుకు పెట్టానో దేవుడికే తెలియాలి.

ఇంటికి మాత్రం వేరే కథ వెళ్లింది. మొదటి నెలలోనే డబుల్ బేస్ పక్కన సూటులో దిగిన ఫొటో పట్టుకుని బాన్సువాడ పోయాను. అప్పటికే నాయిన ఊదడం ఆపేశాడు. పై పళ్లు ఊడిపోయాయి, పళ్లు లేకపోతే బూర పెదవికి నిలవదు. ఏళ్ల తరబడి డ్రమ్ముల మధ్య నడిచి చెవులు కూడా పోయాయి. ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగానికి పైగా. గట్టిగా అరిస్తే తప్ప వినబడదు. దవాఖానలో చూపిస్తే, ఇగ ఇంతే అన్నారట.

ఫొటో వెలుతురుకు పట్టి చూశాడు. "గదేంది బిడ్డా, గంత పెద్దగుంది?"

"బేస్ నాయినా. జాజ్‌ల వాయిస్తరు."

"ఏం పాటలు?"

పాటంటూ పెద్దగా ఉండదని, ఎవరికి తోచింది వాళ్లు అల్లుకుంటూ పోతారని, కింద బేస్ ఒక్కటి మాత్రం దారి తప్పకుండా నడవాలని, సారు దగ్గర విన్నదంతా ఆయన కుడి చెవిలో అరిచాను.

"పాట లేకుంటే గుర్రం ఎట్ల నడుస్తదిరా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాడు. "ఆగు. అందరు ఇష్టమున్నట్టు పోతుంటే కింద పట్టుకునేది నువ్వే కదా? అంటే నా పనే చేస్తున్నవన్నట్టు."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ పళ్లు లేని నోటితో అంత వెలుగుగా నవ్వుతున్న మనిషి చెవిలో, 'నేను డమ్మీని నాయినా' అని అరవాలి. వంటింట్లోంచి అమ్మ వింటుంది, గోడ అవతల పక్కింటివాళ్లు వింటారు. తల ఊపి ఊరుకున్నాను.

ఆ ఫొటో చొక్కా జేబులో పెట్టుకుని నాయిన బస్టాండు దగ్గరి టీ హోటల్‌కు పోయేవాడు. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే రైతులు, మద్నూర్ నుంచి వచ్చే లారీ డ్రైవర్లు, ఎవరు దొరికితే వాళ్లకు చూపించేవాడట. "నా కొడుకు ఇంగ్లీషు బ్యాండుల వాయిస్తుండు. పెద్ద బూర లెక్కనే, గని చెక్కది." నేను ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఏమన్నా, ఒకసారి మాకు గూడ వినిపియ్యరాదే?" అనేవారు. చూద్దామనేవాడిని. డబుల్ బేస్ బాన్సువాడ బస్సులో పట్టదు, అదే నా ధైర్యం.

ఆ ధైర్యం కూడా ఒక ఎండాకాలం పోయింది. మా ఊరి పటేల్‌ది పెద్ద చెరుకు సేద్యం. ఆయన కొడుకు హైదరాబాద్‌లో చదువుకుంటూ హోటల్‌లో మా సారు వాయించగా విన్నాడు. తన పెండ్లి విందుకు అదే బ్యాండు కావాలని పట్టుబట్టాడు. పటేల్‌కు జాజ్ అంటే ఏంటో తెలియదు గానీ, చుట్టుపక్కల మండలాల్లో ఎవరూ తేనిది తాను తెస్తున్నానన్నది మాత్రం తెలిసింది. వాన్ కూడా తానే పంపుతానన్నాడు.

సారు చెప్పగానే ఒంట్లో బాగాలేదన్నాను, ఆ రోజు చుట్టాల పెండ్లుందన్నాను. "మీ ఊరే కదరా, డ్రైవర్‌కు దారి చెప్పేవాడివి నువ్వే. నీకేం ఫికర్?" అన్నాడు సారు. ఆయనకు మా నాయిన సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ సాయంత్రమే ఊరి నుంచి షాపుకు ఫోనొచ్చింది. ఎస్టీడీ బూత్‌లోంచి నాయిన అరుస్తున్నాడు. తనకు నా మాట వినబడదు కాబట్టి చెప్పాల్సింది చెప్పేసి పెట్టేశాడు. పటేల్ మా ఇంటికి మనిషిని పంపి, 'నీ కొడుకు బ్యాండే వస్తుంది, నువ్వూ రావాలె' అన్నాడట. కొత్త అంగీ కుట్టించుకుంటున్నాడట.

అలా మేము బాన్సువాడ వచ్చాం. మధ్యాహ్నం విందు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర నాయిన అప్పటికే నిలబడి ఉన్నాడు, గడ్డం గీసుకుని, తెల్ల అంగీ వేసుకుని. ఆయన ఆ గేటు దగ్గర నిలబడడం కొత్త కాదు. బ్యాండువాళ్లు గేటు దాకా వచ్చి ఆగుతారు, పెండ్లికొడుకు లోపలికి పోతాడు, వీళ్లు బయట నీడ వెతుక్కుంటారు, అందరి భోజనాలయ్యాక వెనక వంటల దగ్గర వీళ్లకు పెడతారు. ఆ హాలు లోపల ఎలా ఉంటుందో నాయిన అన్నేళ్లలో చూడలేదు. ఆ రోజు పటేలే ఎదురొచ్చి, "రారా, లోపలికి రా. ముందట కూసో" అని చెయ్యి పట్టి తీసుకుపోయాడు. గుడ్డ తొడిగిన కుర్చీ అంచు మీద, దాని గుడ్డ నలగకుండా, నాయిన కూర్చున్నాడు.

వాన్‌లోంచి వాయిద్యాలు దించాం. డబుల్ బేస్ చూడగానే నాయిన లేచి వచ్చి దాని చుట్టూ తిరిగాడు. "అబ్బ, మనిషంతుంది" అన్నాడు. ముట్టుకోవాలా వద్దా అన్నట్టు నా ముఖం చూశాడు. నేను సర్దుకునే హడావిడిలో ఉన్నట్టు నటిస్తూ దాన్ని స్టేజీ మీదికి లాక్కుపోయాను. స్పాంజి ముక్క చెక్క కింద నల్లగా కనబడుతోంది. వేలితో ఇంకా లోపలికి నెట్టాను.

వాయించడం మొదలుపెట్టాం. వాళ్లు మొదలుపెట్టారు అనాలి. జనానికి పెద్దగా పట్టలేదు. బిర్యానీ వడ్డిస్తున్నారు, పిల్లలు స్టేజీ ముందు ఉరుకుతున్నారు. చూస్తున్నది ఒక్క నాయినే. ఆయన డ్రమ్ము వైపు చూడలేదు, శాక్సాఫోన్ వైపు చూడలేదు, నా వేళ్లనే చూస్తున్నాడు. రెండు పాటల దాకా కుడి చెవి మా వైపు తిప్పి, చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. వినబడలేదేమో, మూడో పాట మధ్యలో లేచాడు. పక్క మెట్ల మీదుగా స్టేజీ ఎక్కి నా వెనక్కి వచ్చాడు.

ఎందుకు వస్తున్నాడో నాకు అర్థమైంది. బరాత్‌లో నాలుగు దిక్కులా గోల. ఊదాల్సినవాళ్లలో ఎవరు ఊదుతున్నారో ఎవరు ఊదడం లేదో ఏ మాస్టరుకూ చెవితో తెలియదు. అందుకని నడుస్తూ నడుస్తూ వెనకనుంచి వచ్చి బూర వీపు మీద అరచెయ్యి వేస్తారు. గాలి పోతుంటే ఇత్తడి అదురుతుంది. కానీ నాయిన నన్ను పట్టుకోవడానికి రాలేదు. ఆ అనుమానమే ఆయనకు లేదు. చెవులకు అందని కొడుకు వాయిద్యాన్ని ఎలాగైనా వినాలని వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు.

అరచెయ్యి బేస్ వీపు మీద వేశాడు.

నేను ముందుకే చూస్తున్నాను. తీగను గట్టిగా గుంజాను. వదులు తీగ, స్పాంజి, చప్పుడే లేదు. స్పీకర్ల మోత, డ్రమ్ము దెబ్బ చెక్కకు తగలకుండా ఉండవు, చెయ్యి వేస్తే ఎంతో కొంత తెలుస్తుంది. కానీ బయటినుంచి తగిలే అదురేదో, లోపలినుంచి పుట్టే అదురేదో జీవితమంతా పెద్ద బూర మోసిన మనిషికి తెలియకుండా ఉంటుందా? ఆయన చెయ్యి తీసి ఇంకొంచెం కిందికి వేశాడు. మళ్లీ పక్కకు. చూలు బర్రె పొట్ట మీద చెయ్యి వేసి దూడ కదులుతుందేమోనని వెతికినట్టు, ఓపికగా, నమ్మకంతో వెతికాడు.

ఓరకంట చూశాను. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ కళ్లు మారిపోయాయి. నా వేళ్ల వైపు చూశాడు. తర్వాత కింద, తీగల కింద నల్లగా ఉన్న స్పాంజి వైపు చూశాడు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. వేళ్లు ఆపేద్దామన్నా ఆగలేదు, అవి వాటికి అలవాటైన నాటకం ఆడుతూనే ఉన్నాయి.

నాయిన వెంటనే దిగి వెళ్లిపోతాడనుకున్నాను. కోటు గుండీలు విప్పుతాడేమోనని కూడా ఒక్క క్షణం భయపడ్డాను. ఆయన రెండూ చేయలేదు. చెయ్యి అక్కడే ఉంచి జనం వైపు తిరిగాడు. ముఖం నిండా నవ్వు తెచ్చుకుని, అదురు తెలుస్తున్నట్టు, పాట ఒంట్లోకి పోతున్నట్టు, తల ఊపడం మొదలుపెట్టాడు. పాట అయ్యేదాకా ఊపాడు. డమ్మీ పక్కన ఏనాడూ నిలబడని మనిషి నా పక్కన నిలబడి, నాకోసం తనూ డమ్మీ అయ్యాడు.

పాట అయిపోగానే కింద నుంచి పటేల్ అరిచాడు. "ఎట్లుందిరా నీ కొడుకు బాజా?"

నాయినకు వినబడిందో, పెదవులు చూసి అర్థం చేసుకున్నాడో. "మంచిగుంది పటేలా" అని గట్టిగా అన్నాడు. "మస్తు అదురుతుంది."

నా ఎరుకలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. అది కూడా నేనే ఆడించాను.

భోజనాల దగ్గర నాయిన లేడు. ఆకలి లేదన్నాడని పటేల్ మనిషి చెప్పాడు. అన్నేళ్లకు హాలు లోపల, అందరితో పాటు కూర్చుని తినే రోజు వస్తే తినకుండా పోయాడు. నేను తిన్నాను. సారు పక్కన కూర్చుని, ఏమీ జరగనట్టు, రెండోసారి పెరుగు కూడా వేయించుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

వాన్ బయల్దేరే ముందు ఇంటికి పోయాను. నాయిన కొత్త అంగీ విప్పి దండెం మీద వేసి, బనీనుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ నీళ్లకు పోయింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"మీ సారుకు ఎరికేనా?" అన్నాడు.

ఆయనకు వినబడాలంటే గల్లీ అంతటికీ వినబడేలా అరవాలి. తల ఊపాను.

"ఆ హోటలోళ్లకు?"

ఊపాను.

"డ్రమ్ము కొట్టేటోనికి, గా బూర ఊదేటాయినకు?"

ఊపాను.

"అయితే తెల్వనిది నాకొక్కనికేనా?" అన్నాడు.

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే నేను ఎలాగో తట్టుకునేవాణ్ణి. ఆయన తనను తాను అడుగుతున్నట్టు అన్నాడు, టీ హోటల్ దగ్గర ఫొటో చూపించిన ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటున్నట్టు. నాకు ఏడుపు రాలేదు. బయట వాన్ హారన్ కొట్టింది, వెళ్లిపోయాను.

ఆ శనివారం హోటల్‌కు పోనని సారుకు చెప్పాను. ఎందుకని అడిగితే మొదటిసారి మా నాయిన సంగతి చెప్పాను. ముసలాయన తల పట్టుకున్నాడు. "నాకు చెప్పొద్దా, బేటా? ఆ ఒక్కరోజు స్పాంజి తీసేసేటోణ్ణి. రెండు స్వరాలు మీటినా చాలు కద" అన్నాడు. ఆ ఆలోచన నాకు తట్టనే లేదు. నేర్చుకున్న కొద్దిపాటి స్వరాలైనా, తప్పో ఒప్పో, నాయిన చేతి కింద మోగించొచ్చునన్నది నా బుర్రకు రాలేదు. దాచడం మీదే పెట్టాను బుద్ధంతా.

తర్వాత నిజంగానే నేర్చుకున్నాను. షాపు పని అయ్యాక సారు ఇంటికి పోయేవాణ్ణి. బొబ్బలు పగిలి, మళ్లీ లేచి, చివరికి వేళ్ల చివర చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. సారు తన ఎడమ చేతిని కీబోర్డు మీదినుంచి తీసేసి ఒళ్లో పెట్టుకున్న రోజు, కింద నడిచేది నేనొక్కణ్ణే అని తెలిసి చెమటలు పట్టాయి. తప్పులు వాయించాను, తిట్లు తిన్నాను, మళ్లీ పిలిచారు. తర్వాత్తర్వాత వేరేవాళ్లు కూడా, "శనివారం ఖాళీనా?" అని ఫోన్ చేయడం మొదలుపెట్టారు. అలా వచ్చిన డబ్బులో ఒక్క రూపాయి కూడా ఉత్తగా నిలబడినందుకు కాదు. ఆ మాట చెప్పుకోవడానికి ఊళ్లో మాత్రం నాకు మనిషి లేకుండా పోయాడు.

ఎందుకంటే నాయిన ఇక అడగలేదు. నేను పోతే పంటల గురించి, కాలువ నీళ్ల గురించి మాట్లాడేవాడు. ఒకసారి బస్టాండులో నేను పక్కనే ఉండగా ఎవరో కొత్తాయన, "మీ పిలగాడు ఏం చేస్తుండు?" అని అడిగాడు. నాయిన నా వైపు చూడకుండా, "హైదరాబాద్ల ఉంటుండు" అన్నాడు. అంతే.

సారు చేతులు వణకడం మొదలయ్యాక తన డబుల్ బేస్ నాకే ఇచ్చేశాడు. కూరగాయలు దించి ఖాళీగా తిరిగిపోయే ఒక డీసీఎం లారీ డ్రైవర్‌ను బతిమాలి, దాన్ని దుప్పట్లలో చుట్టి బాన్సువాడ తీసుకుపోయాను. మా ఇంటి ముందు, పొద్దున ఎండలో, నాయిన మంచం పక్కన నిలబెట్టాను. అప్పటికి ఆయనకు కుడి చెవి కూడా పూర్తిగా పోయింది. స్పాంజి లేదని కనబడేలా తీగల కింద వేలు దూర్చి చూపించాను. చూశాడు.

వాయించాను. నాకు వచ్చినవాటిలో బాగా వచ్చినది, నెమ్మదిగా నడిచేది. తీగ మీటిన ప్రతిసారీ చెక్క నా పొట్టకు ఆని అదురుతోంది. అమ్మ పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. గల్లీలో పోయేవాళ్లు ఆగారు. నాయిన ఒక్కడికే ఏమీ అందడం లేదు. నేను ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని చెక్క మీద పెట్టబోయాను.

ఆయన మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నొప్పించకుండా, దండం పెట్టినంత మర్యాదగా తీసుకున్నాడు.

"ఒద్దు బిడ్డా" అన్నాడు. "వాయిస్తున్నవనే అనుకుంట."

నేను మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా వాయించాను. నాయిన గల్లీలో నిలబడ్డవాళ్ల వైపు తిరిగి, ముఖం నిండా నవ్వు తెచ్చుకుని, తల ఊపుతూ కూర్చున్నాడు. నేను ఆపేశాక కూడా, ఆపానని తెలియక, ఊపుతూనే ఉన్నాడు.